తుమ్మ చేవ, కొలతలో కోత

నల్లగా, మొరటుగా వున్న మనిషిని మన పల్లెల్లో "తుమ్మ మొద్దు" అని వెక్కిరిస్తారు. ఆ మాట అనేవాడు కూర్చున్న మంచం కోళ్ళు చాలాసార్లు తుమ్మవే. వాడి తాతల పొలాన్ని దున్నిన నాగలి తుమ్మది. ఆ పొలంలో పండిన గింజను కళ్ళం నుంచి గాదెకు చేర్చిన బండి చక్రం తుమ్మది. ఆ పొలం గట్టు చెక్కిన పాలేరు చేతిలోని పార కామ తుమ్మది. యిన్ని చోట్ల బరువు మోసిన చెట్టు పేరు తిట్టయింది. బరువు మోసే మనుషుల గతి కూడా అంతే కదా!

టేకు దుంగ దొంగతనంగా పోతే పత్రికలో వార్త వస్తుంది. ఎర్రచందనం సంగతి చెప్పనే అక్కర్లేదు. తుమ్మ మీద ఎవరి కన్నూ పడదు. అందుకే దాని బేరంలో జరిగే మోసం మీద కూడా ఎవరి కన్నూ పడదు. వేసవిలో చెరువులు అడుగంటినప్పుడు బేరగాళ్ళు ఊళ్ళ మీద పడతారు. చెట్టు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, మొదలు మీద గొడ్డలి మడమతో రెండు దెబ్బలు కొట్టి, "అంతా తెల్ల చెక్కేనయ్యా, పొయ్యిలోకి తప్ప పనికిరాదు" అని పెదవి విరుస్తారు. చెట్టు పెంచిన చిన్న రైతుకూ, కొట్టే కూలికీ ఆ పెదవి విరుపు తప్ప మరో లెక్క తెలియకపోతే బేరం అక్కడే ముగిసినట్టు.

కాబట్టి తుమ్మను గుర్తుపట్టడం, కోయడం, ఆరబెట్టడం, పనిముట్టుగా మలచడం ఒక ఎత్తయితే, దాన్ని కొలవడం మరో ఎత్తు. మన వాళ్ళకు మొదటి నాలుగూ కొంత తెలుసు. అయిదోది తెలియకుండా చేశారు. ముందు తెలిసినవాటితోనే మొదలుపెడదాం. వాటిలో కూడా యీ తరానికి మరుపున పడుతున్నవి కొన్ని వున్నాయి.

ఏది అసలు తుమ్మ?

తుమ్మ అన్న పేరు కింద కనీసం మూడు చెట్లు తిరుగుతున్నాయి. మనకు కావలసింది నల్ల తుమ్మ. దీని బెరడు ముదురు గోధుమ రంగు నుంచి నలుపు దాకా వుండి, నిలువునా లోతుగా పగుళ్ళిచ్చి, ఎండిన నల్లరేగడిలా కనిపిస్తుంది. ముళ్ళు జంటజంటలుగా, తెల్లగా, సూటిగా వుంటాయి. పూలు గుండ్రటి పసుపుపచ్చ వుండలు; వానాకాలంలో పూస్తాయి, మంచి వాసన. అన్నిటికన్నా గట్టి గుర్తు కాయ. గింజకూ గింజకూ నడుమ వేలితో నొక్కినట్టు సన్నబడి, పూసల దండలా వేలాడుతుంది. పైన బూడిద రంగు నూగు వుంటుంది. యీ కాయలంటే మేకలకు ప్రాణం. మేక కడుపులోంచి వచ్చిన గింజ మామూలు గింజకన్నా బాగా మొలుస్తుంది. మందలు పడుకున్న చోట తుమ్మ మొలకలు గుంపుగా లేవడం కాపరులకు తెలిసిన సంగతే.

రెండోది తెల్ల తుమ్మ. దీని బెరడు పేరుకు తగ్గట్టు తెల్లగా, కాస్త పసుపు కలిసినట్టు వుంటుంది. లేత రంగు పూలు కొమ్మల చివర పెద్ద పెద్ద గుత్తులుగా వస్తాయి. కాయ సన్నగా, కొంచెం వంగి, నొక్కులు లేకుండా వుంటుంది. వెనకటి రోజుల్లో సారా బట్టీల వాళ్ళు దీని బెరడు వాడేవారు. దీని చేవ కూడా గట్టిదే, కానీ నల్ల తుమ్మ పేరు చెప్పి దీన్ని అంటగట్టడం న్యాయం కాదు.

మూడోది సర్కారు తుమ్మ. కొందరు ఇంగ్లీషు తుమ్మ అంటారు, కొందరు వొట్టి కంప అంటారు. యిది అసలు మన దేశపు చెట్టే కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1870 దశకంలో తెల్లదొరల అటవీ శాఖ కడప ప్రాంతంలో దీన్ని నాటించింది. ఆ తర్వాత యిది ఎవరూ నాటకుండానే చెరువులూ, కాలువలూ, బీళ్ళూ ఆక్రమించుకుంది. దీని పూలు వుండలు కావు, వేలెడు పొడవున్న కంకులు. కాయ బారుగా, పసుపుగా, తియ్యగా వుంటుంది, పూసల నొక్కులుండవు. మొదట్లోనే నాలుగైదు కాండాలుగా చీలి, వంకరలు తిరుగుతుంది. అలాగని సర్కారు తుమ్మ కర్ర పనికిమాలినదేమీ కాదు. గట్టిగా వుంటుంది, బొగ్గుకు మంచి పేరుంది, పేదల పొయ్యిలు ఎన్నో దాని మీదనే వెలుగుతున్నాయి. కానీ అందులో నాగలికి సరిపడే దుంగ దొరకడం అరుదు. నల్ల తుమ్మను సర్కారు తుమ్మ ఖరీదుకు అడిగే బేరగాడూ, సర్కారు తుమ్మ ముక్కను నల్ల తుమ్మ అని వడ్రంగికి అమ్మే అడితిదారూ యీ పేర్ల గందరగోళాన్నే వాడుకుంటున్నారు.

పేరు గురించి ఒక ముచ్చట చెప్పుకోవాలి. పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో నల్ల తుమ్మను అకేషియా అరబికా అన్నారు. తర్వాత అకేషియా నీలోటికా అన్నారు. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ అకేషియా అన్న పేరును ఆస్ట్రేలియా చెట్లకు వదిలిపెట్టింది. మన చెట్టు యిప్పుడు వాచెల్లియా నీలోటికా. పేరు దగ్గర కూడా తుమ్మకు దక్కాల్సింది దక్కలేదనిపిస్తుంది!

కర్ర కోసిన తర్వాత గుర్తుపట్టాలంటే దుంగ కొన చూడాలి. బయట తెల్లని, లేత పసుపు రంగు చెక్క, లోపల చేవ. పచ్చిగా కోసినప్పుడు చేవ గులాబి రంగులో వుండి, గాలి తగిలేకొద్దీ ఎర్రబారి, యిటుక రంగులోకీ, గోధుమ రంగులోకీ మారుతుంది. కొత్తగా కోసినప్పుడు ఒక రంగు, నెల తర్వాత మరో రంగు కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు. బరువు మరో గుర్తు. బాగా ఎండిన నల్ల తుమ్మ ఒక ఘనపుటడుగు సుమారు 22, 23 కిలోలు తూగుతుంది. టేకు 18, 19 కిలోలకు మించదు. గోరు గుచ్చితే దిగదు. రోడ్ల పక్కన పెరిగే నిద్ర గన్నేరు చేవ కూడా ముదురు రంగులోనే వుంటుంది; కానీ చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా వుంటుంది. రంగు చూసి మోసపోవచ్చు గానీ బరువు చూసి మోసపోవడం కష్టం.

నరకడం, నానబెట్టడం

చేవే తుమ్మకు ప్రాణం. చేవకు చెదలు అంత సులభంగా పట్టదు. చుట్టూ వున్న తెల్ల చెక్కను మాత్రం తొలుచు పురుగు కొద్ది నెలల్లో పిండి పిండి చేస్తుంది. లేత చెట్టులో తెల్ల చెక్కే ఎక్కువ. ముదిరేకొద్దీ చేవ పెరుగుతుంది. డబ్బు అవసరం పడి లేత చెట్టును అమ్ముకునే పేద రైతు ఒక విధంగా పండని చేను కోసుకుంటున్నట్టే. ఆ అవసరం తెలిసినవాడే బేరగాడు.

అమావాస్య ముందు నరికితే పుచ్చదు, వెన్నెల రోజుల్లో నరికితే పుచ్చుతుంది అని పెద్దవాళ్ళంటారు. చంద్రుడి సంగతి అలా వుంచుదాం. పురుగు తినేది తెల్ల చెక్కలో చెట్టు దాచుకున్న పిండి పదార్థాన్ని. ఆ పిండి పదార్థం పోతే పురుగుకు తిండి లేదు. మన వడ్రంగులు దానికి కనిపెట్టిన ఉపాయం చెరువు. పచ్చి దుంగను కొట్టిన వెంటనే నీళ్ళలో ముంచి, పైకి తేలకుండా రాళ్ళు పెట్టి, కనీసం నెల రెండు నెలలు వుంచుతారు. నీళ్ళలో ఆ పిండి పదార్థం కరిగి, పులిసి పోతుంది. కంపు కొడుతుంది గానీ కర్ర బతుకుతుంది. ఖర్చు లేని మందు యిది. డబ్బా మందులు అమ్మేవాళ్ళు దీని గురించి చెప్పరు.

బయటికి తీశాక ఎండలో పారేస్తే నానబెట్టిన పుణ్యమంతా పోతుంది. పైన గబగబా ఆరి, లోపల తడి మిగిలి, కొనలు నెర్రెలిస్తాయి. దుంగ రెండు కొనలకూ పేడా మన్నూ కలిపి మెత్తాలి. తారు దొరికితే తారు పూయవచ్చు. నేలకు తగలకుండా కింద రాళ్ళో, దిమ్మెలో పెట్టి, నీడన, గాలి ఆడే చోట వుంచాలి. మన ఎండల్లో అంగుళం పలక మూడు నాలుగు నెలల్లో ఆరినా, చక్రం నడిమి కుంభికి కావలసిన లావు మొద్దుకు ఏడాది పైనే పడుతుంది. ఆరిందో లేదో తెలుసుకోడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. చిన్న ముక్క ఒకటి పక్కన వుంచి, వారానికోసారి కిరాణా కొట్టు కాటా మీద తూచండి. బరువు తగ్గడం ఆగిపోయిన వారం ఆ ముక్క ఆరినట్టు. దుంగకు యింకా టైము పడుతుంది.

యిక్కడే ఒక చిక్కుంది. ఎండిన తుమ్మ రంపానికి లొంగదు. పళ్ళు మొద్దుబారిపోతాయి. సామిల్లు వాళ్ళు కూడా ఎండు తుమ్మ అంటే కోత రేటు పెంచుతారు. అందుకని తెలివైన వడ్రంగి పచ్చిగా వున్నప్పుడే గొడ్డలితో, బాడిసెతో ఉజ్జాయింపు ఆకారానికి తెచ్చుకుంటాడు. నాగలి దుంపైతే నాలుగు వైపులా వేలెడు ఎక్కువ వదిలి చెక్కుతాడు. ఆరిన తర్వాత ఆ వేలెడే చిత్రిక పట్టి సరిచేస్తాడు. "పచ్చిగున్నప్పుడు బిడ్డ లెక్క వింటది, ఎండినంక మొగని లెక్క మొండికేస్తది" అని సూర్యాపేట వైపు ఒక ముసలి వడ్లాయన మాతో అన్నాడు. పక్కన కూర్చున్న వాళ్ళావిడ నవ్వింది గానీ కాదనలేదు.

వంకరలోనే బలం

సామిల్లు యజమానికి వంకర దుంగ అంటే నష్టం. నాగలి చేసేవాడికి వంకరే లాభం. తుమ్మ బారుగా ఎదిగే చెట్టు కాదు. మొదలు నుంచి పెద్ద కొమ్మ చీలే చోట సహజంగా ఒక వంపు వుంటుంది. ఆ వంపులో కర్ర పోగులు కూడా వంపుతోనే తిరుగుతాయి. అలాంటి చోట తీసిన నాగలి దుంప రాయికి తగిలినా విరగదు. అదే బారు దుంగను వంకరగా కోసి నాగలి చేస్తే పోగులు మధ్యలో తెగిపోతాయి. మొదటి రేగడి దుక్కిలోనే చీలుతుంది. అందుకే పాత వడ్రంగులు చెట్టు నిలబడి వుండగానే ఏ కొమ్మ నాగలికి, ఏది మేడికి, ఏది గుంటకకు అని కన్నేసి పెట్టుకునేవారు.

బండి చక్రంలో తుమ్మ చేవ ఎందుకు నిలిచిందంటే, దెబ్బ తట్టుకునే శక్తి దానికి టేకు కన్నా ఎక్కువ. గతుకుల బాటలో నిండు బండి గుంటలో పడిన ప్రతిసారీ బరువంతా వచ్చి పడేది ఒకటి రెండు ఆకుల మీద. కుంభీ, ఆకులూ, చుట్టూ పూటీలూ కూర్చి, కమ్మరి కాల్చిన ఇనుప పట్టా ఎక్కించి నీళ్ళు కొడితే, పట్టా ముడుచుకుని చక్రాన్ని బిగించి పట్టుకుంటుంది. కర్ర సరిగా ఆరకముందే యీ పని చేస్తే వేసవిలో కర్ర కుంచించుకుపోయి పట్టా వదులవుతుంది. చక్రాన్ని వాగులో దింపి నానబెట్టి బిగువు తెచ్చుకోవడం చాలామంది చేసేదే. అది మూడు రోజుల వైద్యం, జబ్బు కుదరదు.

ట్రాక్టరు వచ్చింది, నాగలి అటకెక్కింది, యింకా యీ చరిత్ర ఎందుకని కొందరు అడగవచ్చు. నిజమే, యిప్పుడు ఊరికి పది అరకలు వుంటే గొప్ప. కానీ కూలివాడి పార, గడ్డపలుగు, గొడ్డలి, కొడవలి అటకెక్కలేదు. వాటి కామలూ పిడులూ ఎవరు చూస్తున్నారు? బజారులో రంగు పూసి అమ్మే కామలు చాలా వరకు ఏ తెల్ల చెక్కతోనో చేసినవి. పార కామ పనిలో విరిగితే ఆ పూట కూలి పోతుంది. గొడ్డలి కామ వదులై తల ఊడితే కాలు పోతుంది. యిది చిన్న విషయం కాదు.

మంచి కామ కావాలంటే ముక్కను రంపంతో కోయకుండా చీల కొట్టి చీల్చాలి. చీలినప్పుడు కర్ర తన పోగు వెంటే చీలుతుంది కాబట్టి, ఒక కొన నుంచి మరో కొన దాకా పోగు తెగకుండా వస్తుంది. ముడి వున్న ముక్క పనికిరాదు. తెల్ల చెక్క పూర్తిగా చెక్కేయాలి. పచ్చి కామను తొందరపడి బిగించకండి. నెల తిరక్కుండా ఎండి సన్నబడి వదులవుతుంది. మేకు కొట్టాల్సి వస్తే ముందు బర్మాతో బెజ్జం వేయాలి, లేకపోతే తుమ్మ చీలి తీరుతుంది. చివరగా అరచేతికి సరిపోయే మందం. ఆడవాళ్ళ చేతికి మగవాళ్ళ కామ యిచ్చి, పని తగ్గిందని కూలి కోసే మేస్త్రీలు వున్నారు. లావు కామతో పొద్దంతా పని చేస్తే వేళ్ళు పట్టేస్తాయి. ఆడకూలీలు తమ చేతికి తగ్గ కామ అడగడంలో తప్పేమీ లేదు.

పదహారా, పన్నెండున్నరా?

యిక అసలు సంగతికి వద్దాం. దుంగను కొలిచే పద్ధతి మన దగ్గర తరతరాలుగా ఒకటే నడుస్తోంది. దుంగ చుట్టూ టేపు చుట్టి, ఆ చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. వచ్చింది ఘనపుటడుగులు అంటారు. యీ లెక్క మనది కాదు. 1736లో ఇంగ్లాండులో ఎడ్వర్డ్ హాపస్ అనే ఆయన యీ లెక్కకు పట్టికలు అచ్చు వేశాడు. దొరలతో పాటు ఓడెక్కి వచ్చింది. దొరలు పోయారు, లెక్క మిగిలింది.

యీ లెక్కలో దుంగ నిజమైన పరిమాణం రాదు. నూటికి 78 1/2 వంతులే వస్తుంది. మిగిలిన 21 1/2 వంతులు కొలతలోనే మాయమవుతాయి. ఎందుకలా? చుట్టూ పలకలు తీసి నలుచదరం చేస్తే కొంత వృధా పోతుంది కాబట్టి ముందే తీసేస్తున్నాం అని జవాబు చెప్తారు. కోతలో వృధా వుంటుంది, మేమూ కాదనం. కానీ ఆ వృధా ఎక్కడికి పోతోంది? పైపలకలు వంటచెరుకుగా అమ్ముడవుతాయి. రంపపు పొట్టుకూ ఖరీదుంది. కొనేటప్పుడు వృధా పేరుతో తగ్గించి, అమ్మేటప్పుడు పలకను పూర్తి కొలతతో అమ్మి, వృధాను మళ్ళీ విడిగా అమ్ముకోవడం ఏ న్యాయం కిందికి వస్తుంది?

ఒక దుంగ తీసుకుందాం. నడిమి చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 8 అడుగులు. వాళ్ళ లెక్కలో నాలుగో వంతు అంటే 1 అడుగు. ఒకట్ల ఒకటి, ఎనిమిదితో గుణిస్తే 8 ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో వున్నది 10.2 ఘనపుటడుగులు.

మోసం అక్కడితో ఆగితే కొంత నయం. టేపు ఎక్కడ చుట్టాలి? దుంగ నడిమిన చుట్టాలి. బేరగాడి మనిషి సన్న కొన దగ్గర చుడతాడు. మన దుంగకు సన్న కొన చుట్టుకొలత 3 1/2 అడుగులు అనుకుందాం. అప్పుడు లెక్క 6 ఘనపుటడుగుల చిల్లరకు పడిపోతుంది. పది వున్న చోట ఆరు! దుంగ ఎవరూ ఎత్తుకుపోలేదు, గొడ్డలి దెబ్బ పడలేదు, నాలుగు ఘనపుటడుగులు కాగితం మీదనే నరికేశారు. దీని పైన బెరడు తగ్గింపు ఒకటి. తుమ్మ బెరడు మందంగా వుంటుంది కాబట్టి తగ్గింపు అడగడం సబబే. కానీ బెరడు ఒలిచి కొలవడమో, ఒలవకుండా కొలిచి తగ్గించడమో ఏదో ఒకటి చేయాలి. ఒలిచిన దుంగ మీద మళ్ళీ బెరడు తగ్గింపు వేసినవాళ్ళను మేము చూశాము. అంగుళాల్లో వచ్చిన చిల్లరను ఎప్పుడూ కిందికే దించడం మరొకటి.

బడికి పోని వాళ్ళు కూడా పట్టుకోగల చిన్న ఉపాయం చెప్తాం. చుట్టుకొలతను అడుగుల్లో తీసుకుని, దానితో దాన్నే గుణించి, పొడవుతో గుణించండి. పై దుంగకు 4 నాలుగుల 16, ఎనిమిదితో గుణిస్తే 128. వాళ్ళు దీన్ని 16తో భాగిస్తారు, 8 వస్తుంది. మీరు 12 1/2తో భాగించండి. పదింపావుకు దగ్గరగా వస్తుంది. సరిగ్గా చెప్పాలంటే భాగించాల్సింది 12.57తో, కానీ బేరానికి పన్నెండున్నర చాలు. మరో దుంగ: చుట్టుకొలత 3, పొడవు 6. మూడు మూళ్ళు తొమ్మిది, ఆరుతో 54. పదహారుతో భాగిస్తే 3.4, పన్నెండున్నరతో భాగిస్తే 4.3. పదహారా, పన్నెండున్నరా అన్నదే మొత్తం తగాదా. మీ పిల్లల్లో అయిదో తరగతి చదివిన వాళ్ళెవరైనా సెల్‌ఫోనులో యీ లెక్క నిమిషంలో చేసిపెడతారు.

పదహారు లెక్కకే ఒప్పుకోవాల్సి వస్తే ఒప్పుకోండి, కానీ యిది పదహారు లెక్క అని తెలిసి, దానికి తగ్గట్టు రేటు పెంచి అడగండి. పదహారు లెక్కలో ఘనపుటడుగు అంటే నిజమైన ఘనపుటడుగు మీద పావు వంతుకు పైగా కర్ర ఎక్కువ. రేటు కూడా అంత ఎక్కువ వుండాలి కదా.

యిది చెట్టు యజమాని గొడవే అనుకుంటే పొరపాటు. నరికే ముఠాకూ, కోసే ముఠాకూ ఘనపుటడుగు లెక్కన కూలి కట్టే చోట, నూరు ఘనపుటడుగులు కోసిన వాళ్ళకు 78 1/2 అడుగుల కూలే ముడుతుంది. కర్ర తగ్గించి రాసిన చెయ్యే కూలినీ తగ్గించి రాస్తోంది.

వంటచెరుకు అయితే టన్నుల్లో తూస్తారు. అక్కడ మోసానికి మరో రూపం. పచ్చి తుమ్మ ఎండితే బరువులో పావు వంతుకు అటూ యిటూ తగ్గుతుంది. నరికి, పేర్చి, లోడు ఎత్తే కూలీలకు టన్నుకింత అని చెప్పి, కుప్పను నెలా రెండు నెలలు ఎండబెట్టి తూస్తే, కూలీలు మోసిన నీళ్ళ బరువుకు కూలి లేనట్టే. వాళ్ళ నడుములు మోసింది మాత్రం పచ్చి బరువే. నరికిన వారంలోపు తూకం వేయాలని పనికి ముందే మాట అనుకోవాలి. వాళ్ళ కాటా మీద నమ్మకం లేకపోతే ముఠాలో ఒకరు లారీతో పాటు వేబ్రిడ్జికి పోయి, ఖాళీ బరువు చీటీ, నిండు బరువు చీటీ రెండూ తీసుకురావాలి.

చెరువు తుమ్మ ఎవరిది?

1980 దశకంలో సామాజిక అడవుల పేరుతో చెరువు శిఖాల్లో తుమ్మ నాటించారు. తుమ్మ నెలల తరబడి నీళ్ళలో నిలబడి కూడా చావదు కాబట్టి చెరువుకు అది తగిన చెట్టే. గుంటలు తీసిందీ, మొక్కలు మోసిందీ ఊరి కూలీలు. చెట్లు చేతికొచ్చాక జరిగేది వేలం. కొన్ని ఊళ్ళలో ఆ వేలం నలుగురు కూర్చుని, మొత్తం తోపుకు ఒకే మాట మీద, కంటి అంచనాతో కొట్టేస్తారు. లోపల ఎన్ని చెట్లు, ఏ లావు, ఎంత చేవ అన్న సంగతి కాగితం మీద వుండదు. కాగితం మీద లేనిదాన్ని అడగడం ఎలా?

అందుకని వేలానికి ముందే పని మొదలుపెట్టాలి. ఊరి నుంచి నలుగురు చాలు. ప్రతి చెట్టుకూ సున్నంతో నెంబరు వేయాలి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే మామూలు మనిషి రొమ్ము ఎత్తున, చుట్టుకొలత తీయాలి. నిలబడ్డ చెట్టును ఆ ఎత్తులో కొలవడం అటవీ శాఖ వాడే పద్ధతే కాబట్టి ఎవరూ తప్పుపట్టలేరు. నల్ల తుమ్మ ఏది, సర్కారు తుమ్మ ఏది అన్నది విడిగా రాయాలి. రెండూ కలిపి "తుమ్మ తోపు" అని రాస్తే తక్కువ ఖరీదు చెట్టు ఎక్కువ ఖరీదు చెట్టును కిందికి లాగుతుంది. ఆ జాబితాను గ్రామసభలో చదివించి, తీర్మానం పుస్తకంలో ఎక్కించమని అడగాలి.

ఒక హెచ్చరిక. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం సొంత పట్టా భూమిలో చెట్టు కొట్టాలన్నా ముందు అనుమతి అడగాలి. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. "తుమ్మే కదా, ఎవరడుగుతారు" అని నరికాక, కేసు వచ్చిందంటే అది బేరగాడి మీదికి పోదు. పట్టాదారు మీదికో, గొడ్డలి పట్టినవాడి మీదికో వస్తుంది. కాబట్టి అటవీ శాఖ కార్యాలయంలో ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకుని, దాని నకలు నరికే ముఠా దగ్గర వుంచాలి. దరఖాస్తులో వొట్టి "తుమ్మ" అని కాక "నల్ల తుమ్మ" అనో "సర్కారు తుమ్మ" అనో స్పష్టంగా రాయాలి. కౌలు రైతులు మరింత జాగ్రత్తగా వుండాలి. గట్టు మీద తుమ్మ నీడకు పంట తగ్గిన నష్టం వాళ్ళది, చెట్టు మాత్రం భూమి గలవాడిది. కౌలు మాట్లాడుకునే రోజే గట్టు చెట్ల సంగతి, వాటి కంపా కొమ్మా ఎవరికన్న సంగతి తేల్చుకోవడం మేలు.

దుంగలు లారీ ఎక్కే రోజున ఒక వందపేజీల నోటు పుస్తకం చాలు. ఒక్కో దుంగకు ఒక్కో వరస: నెంబరు, నడిమి చుట్టుకొలత, పొడవు, బెరడు ఒలిచిందా లేదా, పదహారు లెక్కలో ఎంత, పన్నెండున్నర లెక్కలో ఎంత. పేజీ అడుగున బేరగాడి మనిషి సంతకం, ముఠా మేస్త్రీ సంతకం లేదా వేలిముద్ర. టేపు గుడ్డది కాకుండా ఇనుపది తీసుకోండి. గుడ్డ టేపు సాగుతుంది. అది మీ సొంతానిదై వుండాలి, వాళ్ళు తెచ్చింది కాదు.